ఇచ్చట వయసు తగ్గించబడును

బైక్ కన్సల్టెన్సీ ముందు వరసగా నిలబెట్టిన పాత స్ప్లెండర్లను చూశాక నాకు చ్యవనప్రాశ మీద నమ్మకం పోయింది. చ్యవనుడికి యవ్వనం తెప్పించడానికి అశ్వినీ దేవతలు దిగి రావాల్సి వచ్చింది. ఇక్కడ ఒక స్క్రూడ్రైవరు, ఒక డూప్లికేట్ మీటరు చాలు. బండి 2009 మోడల్, మీటరులో పద్నాలుగు వేలు. "డాక్టరు గారి బండి సార్. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి. అంతే!"

ఆ డాక్టరు గారెవరో గానీ, అమ్మకానికొచ్చిన ప్రతి బండీ ఆయనదే. కాస్త వంగి చూడండి. బ్రేక్ పెడల్ అంచు అరిగి నున్నగా మెరుస్తోంది. ఫుట్‌రెస్టు రబ్బరు మీద గీత ఒక్కటి మిగల్లేదు. వెనక రెండు పక్కలా ఒకే ఎత్తులో పెయింటు గీరుకుపోయి ఉంది, సరిగ్గా పాలక్యాన్లు వేలాడేచోట. డాక్టరు గారు తెల్లారుజామున పాలు కూడా పోసేవారు కాబోలు.

పాడైన మీటరు మార్చడం తప్పని ఎవరన్నారు? బండికి వేగం చూపించే మీటరు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. అసలు చాలాసార్లు మార్చాల్సింది మీటరు కూడా కాదు. ముందు చక్రం హబ్‌లోని పళ్ల చక్రం కేబుల్‌ని తిప్పుతుంది, కేబుల్ మీటరు లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం తగలకుండానే అల్యూమినియం గిన్నెను లాగితే ముల్లు లేస్తుంది, సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. కిలోమీటర్ల అంకెలు తిరిగేదీ ఆ కేబుల్ మీదే. ముల్లు వణుకుతోందంటే చాలావరకు కేబుల్లో గ్రీజు ఎండిపోయినట్టే. ముల్లూ అంకెలూ కలిసి ఆగిపోతే ముందు చూడాల్సింది కేబుల్‌నీ హబ్‌నీ. అంకెలు తిరుగుతూ ముల్లు ఒక్కటే పడిపోయిందా, అప్పుడు తప్పు మీటరుది. ఇంత వివరం మెకానిక్కుకు తెలియక కాదు. కేబుల్ మారిస్తే బండి వయసు తగ్గదు మరి.

కొత్త మీటరు సున్నా నుంచి మొదలవుతుంది, పాత అంకె పాత మీటరుతో పాటు పాత సామాన్ల డబ్బాలో పడుతుంది. అమెరికాలో 1972 చట్టం ప్రకారం, మార్చిన మీటరును పాత అంకెకు తేలేకపోతే సున్నాకు పెట్టి, పాత అంకె, మార్చిన తేదీ రాసిన చీటీని ఎడమ తలుపు చట్రానికి అంటించాలి. స్ప్లెండరుకి తలుపు లేదు కదా అనే సాకు మనకెలాగూ ఉంది.

కొనేవాళ్లం మనమేమైనా అమాయకులమా? సొంత బండికి కేబుల్ తెగితే "అమ్మేముందు వేయిద్దాంలే" అని ఏళ్లకేళ్లు చచ్చిన ముల్లుతోనే తిరుగుతాం. ఆ తిరుగుడంతా ఏ లెక్కలోకీ రాదు. అదే మనం ఇంకొకరి బండి దగ్గర నిలబడి మొట్టమొదట అడిగే ప్రశ్న: "ఎన్ని తిరిగింది?" అబద్ధం అడిగి మరీ చెప్పించుకుని, ఆ అబద్ధం మీద వెయ్యి రూపాయలు బేరమాడతాం.

మీటరు మార్పించిన రోజే పాత అంకె, తేదీ సర్వీసు పుస్తకంలో రాయించండి, బిల్లు ఆర్‌సీతో పాటు దాచండి. కొనేటప్పుడు మాత్రం మీటరు వైపు చూడకండి, పెడల్ వైపు చూడండి.