మాంగల్యధారణ వేళ ఫొటోగ్రాఫరు పలికిన వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: "పంతులుగారూ, ఒక్క నిమిషం! అన్నా, మళ్ళీ కట్టినట్టు పెట్టండి. మేడమ్, తల కొంచెం ఎత్తండి. ముందు ఆ ఫోను ఎవరిదండీ?"

అవతారిక: గట్టిమేళము మ్రోగినది. మూడు ముళ్ళు పడినవి. ఆడపడుచు పూలజడ ఎత్తిపట్టుకొనియే యున్నది. నలువైపులనుండి వచ్చిన అక్షతలలో కొన్ని వధూవరుల శిరస్సులపైనను, అధికభాగము కెమెరా లెన్సుపైనను పడినవి. అప్పుడు స్టూలెక్కి నిలిచిన ఫొటోగ్రాఫరు ఇట్లనుచున్నాడు.

టీక: పంతులుగారూ = మంత్రము నడుమ నున్న ఓ పురోహితుడా; ఒక్క నిమిషం = ఫ్లాషు చార్జి యగుటకును, చెమటకు కరగిన కల్యాణతిలకము దిద్దుటకును చాలునంత కాలము (లగ్నము దీనికి లోబడి యుండును); అన్నా = అడ్వాన్సు ముట్టిననాడే సహోదరుడవైన ఓ పెండ్లికుమారుడా (బాకీ వసూలునాడు ఇదే పదము 'సార్' అగును); మళ్ళీ కట్టినట్టు = పడిన ముడినే పట్టుకొని; పెట్టండి = చేతులు అట్లే యుంచుము; మేడమ్ = ఓ వధువా; తల కొంచెం ఎత్తండి = నీవు సిగ్గుపడినది చాలును.

"ముళ్ళు మూడే కదా, కట్టినది మరల కట్టుట పునరుక్తి దోషము కాదా?" యని పురోహితుని పూర్వపక్షము. కాదు. కట్టుమనలేదు, 'కట్టినట్టు' అన్నాడు. కావున ఇది ఉత్ప్రేక్ష. అరుంధతీ దర్శనమునందును ఇదియే గతి. మార్గశిర మాసమున సప్తర్షి మండలములోని ఆ చుక్క మనకు రాత్రి బాగా ప్రొద్దుపోయినగాని పొడవదు. కనబడునాడైనను, ప్రక్కనున్న వసిష్ఠునికి చంద్రబింబపు వెడల్పులో సగమైనను లేని ఎడమున మినుకుమినుకుమనును. ఐనను సాయంత్రము ఏడింటికే వధూవరులు దానిని చూచినట్టు చూతురు. వేలు చూపుచున్న దిక్కున ఉన్నది షామియానాకు కట్టిన ఎల్.ఇ.డి. లైటు.

పాఠాంతరములు: రీలుకు 36 బొమ్మలే యున్న కాలపు ప్రతులలో 'మళ్ళీ' లేదు, 'కదలకండి' అని మాత్రమే కలదు. అదియే మేలైన పాఠమని నా అభిప్రాయము. క్యాండిడ్ శాఖవారు "నన్ను చూడకండి, న్యాచురల్‌గా నవ్వండి" అని చదువుదురు. ఆజ్ఞ మీద సహజముగా నవ్వుట ఎట్లో వ్యాఖ్యాత లెవ్వరును వ్రాయలేదు.

తాత్పర్యము: ఓ పురోహితుడా, పెండ్లి అయినది, ఇక ఫొటో కావలెను. సహకరింపుము.

ఇక ఆ ఫోను పెండ్లికూతురి మేనమామది. ఎవరిదని అడిగినపుడు ఎవ్వరును చెప్పలేదు, ఆయనయు చెయ్యి దింపలేదు. అందులో తీసిన బొమ్మ మొదటి బంతి లేవకముందే కుటుంబపు వాట్సాప్ గ్రూపున కెక్కినది. కొంచెము అలికినట్టున్నది, ఐనను అందులో ముడి నిజముగా పడుచున్నది, వధువు తల వంచుకొనియే యున్నది. కుడివైపున మాత్రము స్టూలుమీది మోకాలొకటి అడ్డము వచ్చినది.