మూడో సెల్లు

నల్లగొండలో క్లాక్ టవర్ ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ ఉంది. రెండు ఊళ్లలోనూ ఆటోవాడికి అడ్రసు చెప్పాలన్నా, ధర్నాకు జాగా కావాలన్నా, బాకీ ఉన్నోణ్ని దొరకబట్టాలన్నా క్లాక్ టవరే దిక్కు. "క్లాక్ టవర్ కాడున్న, జెప్పన రా" అని ఫోన్ చేస్తారు. అవతలివాడు "అయిదు నిమిషాల్ల అక్కడుంట" అంటాడు. ఆ అయిదు నిమిషాలు ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగిశాయో తలెత్తి టవర్ మీద చూసుకున్నవాడు మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు. అందరి జేబుల్లోనూ ఫోనుంది. ఇక వాచీ ఎందుకు, అందులోనూ డిజిటల్ వాచీ ఎందుకని అడిగేవాళ్లకు ఈ వారం కాలమ్ అంకితం. నిజంగా కొనదలచినవాళ్లూ చదవొచ్చు. మధ్యమధ్య పనికొచ్చే ముక్కలు కొన్ని దొర్లుతాయి.

ఒకప్పుడు వాచీ మనం కొనుక్కునేది కాదు, మామగారు పెట్టేది. వాచీ, సైకిలు, రేడియో. ఈ మూడింట్లో ఏది తగ్గినా పందిట్లో అల్లుడు మూతి ముడిచేవాడు. బెంగళూరులో హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టింది. మన పట్నంలో ఆల్విన్ వాళ్లు బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు చేసిన చేత్తోనే సీకో సాయంతో వాచీలు కూడా చేశారు. ఆల్విన్ పోయింది. హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం 2016లో తేల్చేసింది. ఆ కాలపు అల్లుడు పొద్దున్నే లేచి వాచీకి కీ ఇవ్వడం మరిచిపోతే మధ్యాహ్నానికి అది ఆగిపోయేది. ఈ కాలపు అల్లుడు రాత్రి స్మార్ట్ వాచీకి చార్జింగ్ పెట్టడం మరిచిపోతే మధ్యాహ్నానికి అది ఆగిపోతోంది. మధ్యలో అరవై ఏళ్ల సాంకేతిక ప్రగతి ఉంది, కాదనలేం.

ప్రకాశం బజారులో ఒక వాచీల దుకాణం ఉందనుకోండి. అద్దాల పెట్టె ముందు ఒక పెద్దాయన.

"ఏం గావాలె కాకా?"

"గడియారం."

"స్మార్ట్‌దా? బీపీ జూపిస్తది, ఆక్సిజన్ జూపిస్తది, రాత్రి ఎన్ని గంటలు పండుకున్నవో గూడ జెప్తది."

"ఎంతసేపు పండుకున్ననో నాకెరికే గద బిడ్డా. గంటెంతయిందో జెప్తదా?"

"జెప్తది కాకా, చార్జింగ్ ఉంటే."

"లేకుంటే?"

"నల్లగుంటది."

"నల్లగుండేదానికి పదిహేను నూర్లా!"

ఆ పెద్దాయన అడిగినదానికి మించిన ప్రశ్న ఏ వాచీల నిపుణుడూ అడగలేడు. అడుగులు లెక్కపెట్టే వాచీ పాలమూరు కూలీకి ఎందుకు చెప్పండి? దేశంలో ఎన్ని డ్యాములకు ఎంతమంది పాలమూరు వాళ్లు మట్టి మోశారో, ముంబై దాకా ఎన్ని బస్సులు నిండి పోయాయో మేస్త్రీల పుస్తకాల్లోనే సరిగ్గా లేదు. వాళ్లలో ఒక్కడి చేతికి ఆ వాచీ కట్టి ఉంటే రోజుకు పదివేల అడుగులు నడవమని చెప్పే కంపెనీవాళ్లు సిగ్గుతో దుకాణం కట్టేసేవాళ్లు.

కాబట్టి సంగతికొద్దాం. వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా దొరికే కాసియో ఎఫ్-91డబ్ల్యూ అనే నల్ల ప్లాస్టిక్ వాచీ ఒకటుంది. 1989లో పుట్టింది. అంటే ఊరూరా ఎస్టీడీ బూతులు లేస్తున్న కాలం. బూతులు పోయాయి, పేజర్లు వచ్చి పోయాయి, బటన్ల ఫోన్లు మూలకు పడ్డాయి. ఈ వాచీ మాత్రం అదే ముఖంతో అమ్ముడుపోతూనే ఉంది. బరువు 21 గ్రాములు. గంట, నిమిషం, సెకను, వారం, తేదీ, ఒక అలారం, ఒక స్టాప్‌వాచ్. సెల్లు ఏడేళ్లు వస్తుంది. నెలకు అటో ఇటో 30 సెకన్లు తేడా రావచ్చని కంపెనీయే రాసిచ్చింది. నెలకు అర నిమిషం మించి తప్పు చెయ్యనని రాతపూర్వకంగా హామీ ఇచ్చినదాన్ని మన జిల్లాల్లో ఇంకొకటి చూపించండి, ఈ కాలమ్ రాయడం మానేస్తాను.

లోపాలూ ఉన్నాయి. చీకట్లో బటన్ నొక్కితే పచ్చగా మిణుకుమనే లైటు ఒక పక్కనుంచే వెలుగుతుంది, రెండో పక్కన అంకెలు ఊహించుకోవాలి. 'వాటర్ రెసిస్ట్' అని మాత్రమే రాసుంటే వానకు, ముఖం కడుక్కోవడానికి సరిపోతుంది. అది కట్టుకుని బావిలో దూకితే వాచీకి దినాలే. దూకే వయసు పిల్లగాళ్లు 50 మీటర్లో, 100 మీటర్లో అని రాసున్నది చూసి కొనాలి. వందల అడుగులు బోరు దింపినా దుమ్ము తప్ప లేవని ఊళ్లలో వంద మీటర్ల నీటి ఒత్తిడిని తట్టుకునే వాచీ కట్టుకుని తిరగడంలో ఒక దర్జా ఉంది, అది వేరే విషయం. కొడుకు డల్లాస్‌లో ఉన్న తల్లిదండ్రులు రెండు మూడింతలు పెట్టి కాసియో వాళ్లదే ఏఈ-1200 కొంటున్నారు. దాని సెల్లు పదేళ్లు, లోకంలోని 48 ఊళ్ల టైము చూపిస్తుంది. ఆ 48లో డల్లాస్ లేదు, చికాగో పెట్టుకుంటే అదే టైము. నల్లగొండ కూడా లేదు, ఢిల్లీ పెట్టుకోవాలి. మనకు అలవాటే.

నకిలీలు బస్టాండ్లలో నూటికీ నూటయాభైకీ రాసులు పోసి ఉంటాయి. అసలు ఎఫ్-91డబ్ల్యూ అయితే కుడివైపు ఉన్న ఒక్క బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే అద్దంలో కంపెనీ పేరు ప్రత్యక్షమవుతుంది. నొక్కి పట్టుకుంటే అసలు పేరు చెప్పేసే ఈ సౌకర్యం వాచీలతో ఆగిపోయింది. ఎన్నికల గుర్తులకు రాలేదు.

ఇప్పుడు ఈ వాచీ మనకు ఎక్కడెక్కడ పనికొస్తుందో చూద్దాం.

రైతుకు పనికొచ్చేది, ఒకప్పుడు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా ఇచ్చేవారు, అందులో ఒక విడత రాత్రి పడేది. పన్నెండుకు అంటే పన్నెండున్నరకు, రెండుకు అంటే ఎప్పుడో. అలారం పెట్టుకుని, టార్చి పట్టుకుని, పాములను తప్పించుకుంటూ మోటారు దగ్గరికి పోయిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ బాధ పడలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు, ఆటో స్టార్టర్లు పీకెయ్యమన్నారు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా పోయి వేసుకోవచ్చునట. అలారం అవసరం తీరింది. నిద్రలో ఉలిక్కిపడి లేవడం మాత్రం చాలామందికి ఇంకా తీరలేదు.

విద్యార్థికి పనికిరాదు, ఎందుకంటే రానివ్వరు. ఇంటర్ పరీక్ష హాల్లోకి చేతి గడియారం నిషేధం, ముళ్లున్నది కూడా. ఉద్యోగాల పరీక్షల్లోనూ అంతే. అరగంటకోసారి గంట కొడతారు, దాన్నిబట్టి రాసుకోవాలి. ఈ ఎఫ్-91డబ్ల్యూకు లోకంలో ఇంకో పెద్ద శత్రువు ఉండేది. 2011లో బయటపడ్డ గ్వాంటనామో జైలు పత్రాల్లో, ఖైదీ చేతికి ఈ వాచీ దొరకడాన్ని బాంబుల తయారీ శిక్షణకు గుర్తుగా అమెరికా సైన్యం రాసుకుంది. ఇంతటి అమాయకపు ప్లాస్టిక్ ముక్కను చూసి భయపడ్డవి నాకు తెలిసి రెండే వ్యవస్థలు: అమెరికా సైన్యం, మన పరీక్షల యంత్రాంగం.

హాల్లోకి వాచీ వద్దన్నవాళ్లే గేటు దగ్గర టైము మాత్రం సెకన్లతో చూస్తారు. ఇంటర్‌లో ఒక్క నిమిషం నిబంధన ఏళ్ల తరబడి నడిచి 2024లో అయిదు నిమిషాలకు సడలింది. అదే ఏడాది జూన్ 9న గ్రూప్-1 ప్రిలిమ్స్. పరీక్ష పదిన్నరకు, గేటు పదికే మూత. దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో తెల్లవారుజామున బస్సెక్కినవాడు పది దాటి రెండు నిమిషాలకు వస్తే చేతులు జోడించినా తెరవరు. ఆలస్యం ఆలస్యమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రిలిమ్స్ మొదటిసారి జరిగింది 2022 అక్టోబర్ 16న. ప్రశ్నపత్రం లీకై రద్దయింది. రెండోసారి 2023 జూన్ 11న జరిగింది. బయోమెట్రిక్ తీసుకోలేదని కోర్టు రద్దు చేసింది. మూడోసారే ఈ జూన్ 9. రెండు నిమిషాలు ఆలస్యమైన అభ్యర్థి గేటు బయట నిలబడ్డాడు. ఇరవై నెలలు ఆలస్యమైన సంస్థ గేటు లోపల నిలబడింది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో వాళ్ల టైమే రైటు.

కూలీకీ పనికిరాదు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌లోనే హాజరు, రోజుకు రెండు ఫొటోలు. ఎండలో మట్టి తవ్వినా ఫొటో పడకపోతే పనికి రానట్టే. మట్టి తవ్వకపోయినా ఫొటో పడితే వచ్చినట్టే. ఫొటోను ఫొటో తీసి పెడుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసుకుంది. చేతి గడియారం ఈ విద్య ఇంకా నేర్వలేదు.

ఉద్యోగికి మాత్రం నా దగ్గర ఒక శుభవార్త ఉంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశం లెక్క. ఆ గీత కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మహబూబ్‌నగర్ సుమారు 78 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే వాచీలో పదిన్నర అయినప్పుడు పాలమూరు మీది సూర్యుడి లెక్కలో ఇంకా పదీ పన్నెండే. నల్లగొండకు ఓ పదమూడు నిమిషాల తేడా. కాబట్టి పదిన్నర ఆఫీసుకు 10:48కి వచ్చిన గుమస్తా సూర్యభగవానుడి సాక్షిగా సమయానికే వచ్చాడు. తెలంగాణ ఉద్యమంలో మనం నీళ్లు, నిధులు, నియామకాలు అని అరిచాం. నిమిషాలు కూడా అటే పోతున్నాయని ఏ పండితుడూ చెప్పలేదు. పన్నెండు దాటాక వచ్చే పెద్ద అధికారులకు ఏ రేఖాంశం వర్తిస్తుందో భూగోళం మేష్టార్లే చెప్పాలి. నా లెక్క ప్రకారం వాళ్లు అరేబియా సముద్రం దాటి ఒమన్ దిక్కున ఎక్కడో కాపురం ఉండాలి.

ఇన్నింట్లో పనికిరాకపోతే ఇక వాచీ ఎందుకంటారా? ప్రాజెక్టులను కొలవడానికి. సంవత్సరాల్లో కొలిస్తే జనానికి గుర్తుండటం లేదు కాబట్టి సెల్లుల్లో కొలుద్దామని నా ప్రతిపాదన. ఒక సెల్లు అంటే ఏడేళ్లు.

నల్లగొండకు కృష్ణా నీళ్లు తెచ్చే ఎస్సెల్బీసీ సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2005లో ఒప్పందమై 2010 కల్లా పూర్తి కావాల్సిన పని, అంటే ఒక సెల్లు కూడా నిండకూడదు. ఒప్పందం నాడు వాచీ కొన్నవాడి మొదటి సెల్లు 2012లో, రెండోది 2019లో అయిపోయాయి. మూడో సెల్లుకూ చివరి ఘడియలొచ్చాయి, సొరంగం ఇంకా కొండలోనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు అక్కడే చిక్కుకుపోయారు. బతుకుతెరువుకు ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు. వాళ్ల మీద వెక్కిరింత ఈ కాలమ్‌లో ఉండదు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్ 11న శంకుస్థాపన. మొదటి సెల్లు 2022లో పోయింది. 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ దగ్గర ఒక మోటారు తిప్పి చూపించారు. దాన్ని రెండో సెల్లులోని శుభకార్యంగా రాసుకుందాం. పొలాల దాకా నీళ్లు ఏ సెల్లులో వస్తాయో అసెంబ్లీలో అడిగి చూడండి. ఆ పార్టీ వాళ్లు వీళ్ల సెల్లు అంటారు, ఈ పార్టీ వాళ్లు వాళ్ల సెల్లు అంటారు.

అన్నట్టు సెల్లు మార్పించేటప్పుడు ఒక జాగ్రత్త. రోడ్డు పక్కన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చునే రిపేరాయన వెనక నాలుగు మరలు విప్పుతాడు. మూతకింద సన్నటి రబ్బరు రింగు ఉంటుంది. అది సరిగ్గా కూర్చుందో లేదో దగ్గరుండి చూసుకోండి. వంకరగా బిగిస్తే మొదటి వానకే అద్దం లోపల ఆవిరి పడుతుంది. కొత్త సెల్లు వేశాక టైము ఫోను చూసి పెట్టుకోండి.

గంటగంటకూ కూత కూసే ఏర్పాటు కూడా ఇందులో ఉంది. ఆపాలంటే అలారం దగ్గరికి పోయి కుడి బటన్ నొక్కాలి. నా సలహా అడిగితే ఇంట్లో ఆపండి, సినిమాలో ఆపండి, శంకుస్థాపన సభలో మాత్రం ఆపకండి. పది గంటల సభకు తొమ్మిదిన్నరకే బడిపిల్లలను తెచ్చి శామియానా కింద కూర్చోబెడతారు. పదకొండుకు కూత విని మంత్రి కారే వచ్చిందనుకొని పిల్లలు లేచి చప్పట్లు కొడతారు. పన్నెండు కూతకు మాస్టార్లు లేస్తారు. ఒంటిగంట కూతకు వంటాయన లేచి పప్పు కిందికి దించుతాడు. రెండు కూతకు ఎవరూ లేవరు. రెండూ పదికి మంత్రిగారు వచ్చి, టైము లేదు కాబట్టి రెండే ముక్కలు మాట్లాడతానంటారు. మూడు కూత ఆయన మైకులోనే వినపడుతుంది.