పన్ను మీద పన్ను

మొన్న ఆదివారం కుటుంబంతో సినిమాకి వెళ్ళి, ఒక పన్ను కట్టి, ఒక పన్ను పోగొట్టుకుని ఇంటికొచ్చాను. కట్టింది ప్రభుత్వానికి. పోగొట్టుకున్నది కింది దవడలో, ఎడమవైపు, చివరి నుంచి రెండోది.

తెలుగువాడికి ఈ తికమక ఉగ్గుపాలతోనే వచ్చింది. నోట్లో మొలిచేదాన్నీ, జేబులోంచి పీకేదాన్నీ పెద్దలు ఒకే మాటతో పిలిచారు. ఏకవచనంలో ఉన్నంతసేపూ ఏది ఏదో పోల్చుకోలేం. బహువచనంలోకి వెళితేనే గుట్టు బయటపడుతుంది. నోట్లోవి పళ్ళు, ముప్ఫై రెండు దాటవు. ప్రభుత్వానివి పన్నులు, వాటికి దవడ కొలత లేదు.

2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాల్లో జీఎస్టీకి బారసాల చేసినప్పుడు మా నాయనమ్మ ఇంకా ఉంది. టీవీలో ఒకే దేశం, ఒకే పన్ను అని పదే పదే చెప్తుంటే విని, "నాదీ అదే వరసరా అబ్బాయ్, ఒకటే మిగిలింది" అని నోరు తెరిచి చూపించింది. ఆవిడది నిజంగానే ఒకటి. దేశానిది 5, 12, 18, 28. బంగారానికి 3 విడిగా. సానబట్టని వజ్రాలకు పావు శాతం ఇంకా విడిగా. నాయనమ్మ తన ఒంటి పన్నుతో జంతిక కూడా కొరకలేకపోయింది. ఆ ఒకే పన్ను మాత్రం ఎనిమిదేళ్ళు ఎదురొచ్చిన ప్రతిదాన్నీ నమిలింది.

సరే, సినిమా దగ్గరికి వద్దాం. హాలు మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. కార్లో నలుగురం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ మా బుడ్డోడు, మా మావగారు. మావగారు వాణిజ్య పన్నుల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. వంటింట్లో డబ్బా మూత తీసినా లోపల సరుకేమిటని చూడరు, అది ఏ షెడ్యూల్లోకి వస్తుందని చూస్తారు.

దారిలో ఒక గుంతలో బండి దిగినప్పుడు ఆయన కళ్ళజోడు ఒళ్ళో పడింది. "రోడ్డు చూశారా మావగారూ" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "రోడ్డు అభివృద్ధి సెస్సు అని 2020లోనే వేశారు కదండీ, పెట్రోలు మీద లీటరుకు రూపాయి" అన్నారు. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. పని అయిపోయిందన్న నిశ్చింత ఉంది. ఆయన శాఖ లెక్క ప్రకారం సెస్సు వేస్తే రోడ్డు వేసినట్టే.

హాలు ముందు దిగగానే ఆయనకు ఉత్సాహం వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్ల కౌంటర్‌ఫాయిళ్ళు లెక్కపెట్టిన మనిషి. "వినోదపు పన్ను చట్టం 1939 నాటిదండీ అల్లుడుగారూ, మదరాసు వాళ్ళది. మనకు వారసత్వంగా వచ్చింది" అన్నారు. చరిత్ర ఎంత దయగలదో చూడండి. 1953లో మదరాసు నగరం కావాలంటే మనకు రాలేదు. అక్కడి వినోదపు పన్ను మాత్రం అడక్కుండానే వచ్చింది.

అది జీఎస్టీలో కలిసిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు టికెట్టు 100 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 18. నాకు 100 లోపు టికెట్టు దొరికే హాలు పుట్టింటి పెరట్లో మామిడిచెట్టు లాంటిది. ఉందని అందరూ చెప్తారు, ఎక్కడుందో ఎవరూ చూపించరు.

మా రాష్ట్రంలో టికెట్టు ధర అసలు సినిమా కంటే పెద్ద సినిమా. 2021 ఏప్రిల్లో ఒక జీవో వచ్చింది. పల్లెటూరి నాన్ ఏసీ హాల్లో ఎకానమీ టికెట్టు 5 రూపాయలు. అదే ఏడాది డిసెంబరులో తహశీల్దార్లు హాళ్ళ మీద పడి తనిఖీలు చేశారు. పట్టాదారు పాసుపుస్తకం కోసం ఏడాదిగా తిరుగుతున్న రైతుకు తహశీల్దారుగారి దర్శనం సినిమాహాల్లో అయిన రోజులవి. తర్వాత 2022 మార్చిలో ఇంకో జీవో, కొత్త రేట్లు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. 2025 సెప్టెంబరులో ఒక పెద్ద సినిమా బెనిఫిట్ షోకి టికెట్టు 1000 రూపాయలు పెట్టుకోవచ్చని అనుమతి వచ్చింది. 5 రూపాయల జీవో వచ్చిన మర్నాడు విడుదలైన సినిమాకూ, 1000 రూపాయల అనుమతి వచ్చిన సినిమాకూ హీరో ఒక్కరే. రెండోసారికి ఆయన ఉప ముఖ్యమంత్రి కూడా. నేల టికెట్టునూ బెనిఫిట్ షోనూ ఒక గాటన కట్టకూడదని మావగారు అభ్యంతరం చెప్పారు. ఒప్పుకున్నాను. కానీ ఒక ప్రభుత్వం జనం తక్కువకే చూడాలని పట్టుబట్టింది, ఇంకో ప్రభుత్వం ఎక్కువ పెట్టి చూసినా ఫర్వాలేదంది. ఎంతకు చూస్తారని జనాన్ని మాత్రం ఇద్దరూ అడగలేదు. బెనిఫిట్ షో అంటే ఎవరి బెనిఫిట్టో ఇప్పటికీ ఏ జీవోలోనూ రాయలేదు.

లోపల కూర్చున్నాం. సినిమా మొదలవకముందే ప్రభుత్వం వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ముందు సెన్సారు సర్టిఫికెట్టు. తర్వాత పొగాకు హెచ్చరిక. నగరానికి ఏమైందని ఆవేదనగా అడిగే ఆ గొంతు మీరూ వినే ఉంటారు. నాలుగు కిలోమీటర్ల గుంతలు దాటి వచ్చినవాణ్ణి ఆ ప్రశ్న అడగడం న్యాయం కాదు. అది మేం అడగాల్సింది.

ఇంటర్వెల్లో అసలు కథ మొదలైంది.

బుడ్డోడికి క్యారమెల్ పాప్‌కార్ను కావాలి. మా ఆవిడకి ఉప్పుకారంది. నేను లైన్లో నిలబడ్డాను. వెనకే మావగారు వచ్చి నిలబడ్డారు, సాయం చేయడానికి కాదు, వర్గీకరణ చెప్పడానికి.

2024 డిసెంబరులో జైసల్మేరులో 55వ జీఎస్టీ మండలి కూర్చుంది. దేశంలోని ఆర్థిక మంత్రులంతా ఎడారి దాకా వెళ్ళి పేలాల సంగతి తేల్చారు. ఉప్పుకారం చల్లి విడిగా అమ్మితే 5 శాతం. అవే ప్యాకెట్లో పోసి పేరు అచ్చేస్తే 12. పంచదార పాకం పట్టిస్తే అది పేలాల కులం నుంచి మిఠాయి కులంలోకి మారిపోతుంది కాబట్టి 18. తర్వాత 2025 సెప్టెంబరులో ప్యాకెట్టు పన్నెండును అయిదుకు దించారు. పాకం మాత్రం దిగలేదు. ఇంకా ముదురుపాకమే, 18.

"మరి ఇక్కడ హాల్లోనో?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఇక్కడ విడిగా కొంటే హోటలు కింద లెక్క, 5. కానీ మీరు టికెట్టుతో కలిపి కాంబో తీసుకున్నారనుకోండి, అప్పుడు ముఖ్యమైన సరుకు సినిమా. దానికెంతో దీనికంత."

"అంటే కాంబోలో కొన్న పాప్‌కార్ను..."

"చట్టప్రకారం సినిమా అండీ."

నా ముందున్న కుర్రాడు తిరిగి చూశాడు. అతని చేతిలో కాంబో డబ్బా ఉంది. పాపం, ఇంతసేపూ తినేదేననుకున్నాడు.

ఇది పాప్‌కార్నుతో ఆగే ముచ్చట కాదు. 2020లో కర్ణాటకలో ప్యాకెట్టు పరోటా, రొట్టె కాదని తేల్చారు. రొట్టెకు 5, పరోటాకు 18. 2025కు వచ్చేసరికి రెండింటికీ పన్ను లేదన్నారు. ఆ అయిదేళ్ళలో పరోటా పాపం ఏమీ మారలేదు, పొరలు పొరలుగానే ఉంది. కోయంబత్తూరులో 2024 సెప్టెంబరులో ఒక హోటలు యజమాని కేంద్ర ఆర్థిక మంత్రి ఎదుట నవ్వుతూ ఒక మాట చెప్పుకున్నాడు. ఉత్త బన్నుకు పన్ను లేదు, క్రీము పెడితే 18, గిరాకీలేమో రెండూ విడివిడిగా ఇవ్వండి మేమే పూసుకుంటాం అంటున్నారని. హాలంతా నవ్వింది. తర్వాత ఆయన క్షమాపణ చెప్తున్న వీడియో బయటికొచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది, బన్నుకు లేకపోయినా ప్రశ్నకు పన్ను ఉంటుందని.

నేను పన్నులు వద్దనేవాణ్ణి కాదు. పన్ను లేకపోతే బడి లేదు, ఆస్పత్రి లేదు, మా మావగారి పెన్షను అసలే లేదు. నా అనుమానం వేరే చోట ఉంది. ఉప్పు పేలానికీ పాకం పేలానికీ తేడా పట్టిన కళ్ళు ఇవి. ప్యాకెట్టు పెరుగుకూ ముంతలో పెరుగుకూ తేడా పట్టిన కళ్ళు. అవే కళ్ళకు రోడ్డుకూ గుంతకూ తేడా ఎందుకు కనబడదు? వసూలు దగ్గర గింజ లెక్క, ఖర్చు దగ్గర గంపగుత్త. ఈ మాట బిల్లు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అడుగున రెండు వరసలుంటాయి, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, చెరి సగం. కేంద్రం పై దవడ, రాష్ట్రం కింది దవడ. వేరే ఏ విషయంలోనైనా రెండింటికీ మాటల్లేకపోవచ్చు. కొరకాల్సి వచ్చినప్పుడు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తాయి.

సీట్లోకి వచ్చి, బుడ్డోడి డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాను. అడుగున పేలని గింజ ఒకటి ఉంది. ఠక్కుమంది. ముందు వరసలో ఒకాయన తెరమీద ఎవరో ఎముక విరగ్గొట్టారనుకున్నాడట. ఇంటర్వెల్ తర్వాత కథ ఏమైందో నన్నడక్కండి.

మర్నాడు దంతవైద్యుడి కుర్చీలో వెల్లకిలా పడి ఉన్నాను. నోట్లో అద్దం, ముఖం మీద లైటు. "కింది దవడ పన్నుకు రెండు వేళ్ళుంటాయండీ, పైదైతే మూడు. మీది నిలువునా చీలింది, వేళ్ళ దాకా పోయింది, రూట్ కెనాల్ పనికిరాదు. పీకాల్సిందే" అన్నాడాయన. వేళ్ళ మాట వినగానే, నోట్లో దూది పెట్టుకునే, జీఎస్టీకి కూడా నాలుగు వేళ్ళుండేవనీ ఇప్పుడు రెండు మిగిల్చారనీ చెప్పబోయాను. ఆయనకెలాగో అర్థమైంది. "మరి కూల్‌డ్రింకులకు 40 ఉందిగా?" అన్నాడు. అది జ్ఞానదంతం డాక్టరుగారూ. మూలన మొలుస్తుంది. మన మంచికేనంటారు.

బిల్లు చేతికొచ్చాక మావగారు ఆత్రంగా అందుకుని చూశారు. ముఖం వెలిగింది. "చూశారా అల్లుడుగారూ, వైద్యసేవ కాబట్టి పన్ను మీద పన్ను లేదు!"

నిజమే. ఇంకో నిజం కూడా ఆయనే చెప్పారు. విడిగా అమ్మే మొక్కజొన్న గింజకూ పన్ను లేదట. అంటే పన్ను లేని గింజ, పన్ను లేని వైద్యం. మధ్యలో పోయింది నా పన్ను ఒక్కటే.

ఆరోగ్య బీమా గుర్తొచ్చి కాగితాలు తీశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత బీమా ప్రీమియం మీద 18 శాతం తీసేశారు. మంచి పని, కాదనను. అయితే నా కాగితాల్లో సన్నటి అక్షరాల్లో దంతాలకు వర్తించదని ఉంది. పాలసీ మీద పన్ను తీసేశారు గానీ, పాలసీలో పన్ను పెట్టలేదు. అదే రోజు నుంచి టూత్‌పేస్టును 18 నుంచి 5కు, పళ్ళపొడిని 12 నుంచి 5కు దించారు. ఎనిమిదేళ్ళు 18 కట్టి తోముకున్న పన్ను, రేటు తగ్గాక ఊడింది. నా జాతకం అలాంటిది.

పీకిన పన్నును దూదిలో చుట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే బుడ్డోడు వచ్చి చూశాడు. వాడికి ఈమధ్యే ముందువి రెండు ఊడి, కొత్తవి తొంగిచూస్తున్నాయి.

"నాన్నా, నీదీ పాలపన్నేనా?"

పక్క గదిలో పేపరు చదువుకుంటున్న మావగారు ఉలిక్కిపడ్డారు. "పాలపన్నా? ఎప్పుడేశారు? 2022లో వేసింది ప్యాకెట్టు పెరుగు మీద కదరా!" అని కళ్ళజోడు వెతుక్కుంటూ లేచి వచ్చారు.

ఆయనకు విషయం చెప్పి కూర్చోబెట్టేసరికి అయిదు నిమిషాలు పట్టింది. ఈలోగా బుడ్డోడు దూది చేతిలోకి తీసుకుని, "పైన మేడ మీదకి విసిరేద్దాం నాన్నా, కొత్తది వస్తుంది. అమ్మమ్మ చెప్పింది" అన్నాడు. రాదురా, పెద్దవాళ్ళకి మళ్ళీ రాదు అని చెప్పాను. వాడు నమ్మలేదు. నాతోపాటు మేడెక్కి, వాడే విసిరాడు.

మనిషికి పళ్ళు రెండుసార్లే మొలుస్తాయి. ప్రభుత్వానికి ఆ ఇబ్బంది లేదు, ఒకటి ఊడిందని చప్పట్లు కొట్టి పడుకుంటే తెల్లారేసరికి ఇంకో చోట మొలిచి ఉంటుంది. కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈసారి సినిమాకి వెళ్ళినప్పుడు పాప్‌కార్ను మెల్లగా నమలండి. బిల్లు మాత్రం ఉండచుట్టి పారేయకండి. అడుగున ఆ రెండు వరసలూ చదివి, ఇంటికి వెళ్ళేదారిలో గుంతలు లెక్కపెట్టుకోండి.