మిగిలిన బోల్టు

హనుమంతుడు సంజీవని పర్వతాన్ని ఎత్తుకుపోతుంటే ఒక ముక్క విరిగి ముత్యంపేట దగ్గర పడిందట, అదే కొండగట్టు అయిందట. స్థలపురాణం మాట. మూలిక గుర్తుపట్టలేక కొండనే పెకలించిన స్వామికి మొక్కి ఊరుకుంటే బాగుండేది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్న మనవాడు ఆ పద్ధతి కూడా పట్టుకున్నాడు. ఏ సామాను పోయిందో తెలియదు కాబట్టి బండంతా విప్పుతాడు. బిగించాక ఒక బోల్టు మిగులుతుంది. అక్కడ జారిన ముక్క క్షేత్రమైంది, ఇక్కడ మిగిలిన బోల్టు బండి కింద చప్పుడవుతుంది.

షెడ్డు మేస్త్రీలంతా దొంగలు, వీడియో చూస్తే ఎవడైనా చేసుకోవచ్చు: ఇదీ మనవాడి సిద్ధాంతం. మొదటి సగంలో కాస్త నిజముంది, దాని చాటున రెండో సగం చెల్లిపోతోంది. ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చుకోవడం ఎవరైనా నేర్చుకోవాల్సిందే. తంటా ఆ తర్వాత. పొద్దున క్లచ్ ప్లేటు కోసం గేరుబాక్సు దింపి, సాయంత్రం లివరును నాలుగు చక్రాలూ లాగే 4హెచ్‌లో వేస్తే డాష్‌బోర్డులో దీపం మిణుకుమంటుంది గానీ ముందు చక్రాలకు పట్టు అందదు. విచారణ మొదలవుతుంది. ముద్దాయిలు: బంకు డీజిలు, కంపెనీ, నిరుటి వాన, పక్కింటివాళ్ల కన్ను. పొద్దున బండి కిందికి దూరిన చేతులను సాక్షిగా కూడా పిలవరు.

"ట్రాన్స్‌ఫర్ కేసే పోయిందన్నా" అని, రెండు ఇరుసులకూ శక్తి పంచే పెట్టె మీదే తీర్పు. అసలు సంగతి, గేరుబాక్సు దింపేటప్పుడు పీకిన వైరు ప్లగ్గు ఇంకా వేలాడుతూనే ఉంటుంది. వాక్యూమ్‌తో ముందు ఇరుసు కలిసే బండి అయితే సన్నటి రబ్బరు గొట్టం ఊడి ఉంటుంది. చిన్న కారణం వెతికితే దారి తన చేతికే వస్తుంది. అందుకే మనవాడికి పెద్ద రోగం కావాలి. షాఫ్టు విప్పేముందు చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోడు, జతలు తప్పించి బిగిస్తాడు. వేగం పెరగగానే బండి వణికితే "వీల్ బ్యాలెన్సింగ్ చేయించాలి" అంటాడు.

టైర్ల పొదుపు ఇంకో ముచ్చట. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు, రెండూ ఒకే లెక్కన తిరగాలి. వెనక రెండే కొత్త టైర్లు వేసి, ముందు అరిగినవి ఉంచి, ఎండిన తారు మీద 4హెచ్‌లో తిప్పితే ఇరుసులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. బురదలో అయితే చక్రం జారి ఆ బిగువు వదులుతుంది, తారు మీద జారదు. లివరు ఇరుక్కుంటుంది. నాలుగడుగులు రివర్స్‌లో నడిపితే చాలాసార్లు వచ్చేస్తుంది. మనవాడు సుత్తి తెస్తాడు. ఏ ఆయిలు పోయాలో చెప్పే పుస్తకం మాత్రం గ్లవ్ బాక్సులో కుంకుమ పొట్లం పక్కన, సీలు విప్పకుండా నిద్రపోతుంది.

ఇక అప్పుడు కొండ మీది హనుమంతుడు, అంజన్న గుర్తొస్తాడు. వాహన పూజలకు కొండగట్టుకు పేరుంది. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం వారాహికి ఇక్కడే పూజ చేయించాడు. కొత్త బండికి పూజంటే నాకేం పేచీ లేదు. ఊడిన ప్లగ్గుకు నిమ్మకాయ కట్టడం దగ్గరే పేచీ. సంజీవని వచ్చింది మూర్ఛపోయిన లక్ష్మణుడి కోసం, ఆయన తన గేరుబాక్సు తానే విప్పుకోలేదు.

నవ్వు ఆపాల్సిన మాట ఒకటుంది. బిగించింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఇలాంటి మనవాళ్లు కొండగట్టు ఘాట్ రోడ్డు ఎక్కుతారు. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్‌లోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని లాగుతుంది, బ్రేకు వేయదు. పాత విల్లీస్ జీపుల్లోనైతే హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉండేది. వెనక షాఫ్టు విప్పి, ముందు ఇరుసు కలపకుండా, హ్యాండ్ బ్రేకు లాగాం కదా అని ఏటవాలులో కిందికి దూరితే అది పట్టుకునేది గాలినే.

చివరికి బండి తాడు కట్టించుకుని షెడ్డుకే వస్తుంది. మేస్త్రి కిందికి చూసి అడుగుతాడు: "దీన్ని ఎవరు విప్పిండ్రు?"

"ఎవరో మెకానికన్నా, పేరు యాదికి లేదు."

మేస్త్రి ప్లగ్గు పెట్టి, చేతులు తుడుచుకుంటూ అంటాడు: "ఎవడైతేంది గానీ, వాని దగ్గరికి మళ్ల పోకు తమ్మీ."