సింకు విషయమై విన్నపము

మహారాజశ్రీ కోల్‌కతా హెడ్డాఫీసు కంప్యూటర్ విభాగాధిపతి గారి దివ్యసముఖమునకు, ఖరగ్‌పూర్ బ్రాంచిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే గుమాస్తా నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా,

మీరు నన్ను ఎప్పుడూ చూడలేదు. నేను మాత్రం మిమ్మల్ని చూశాను. మిమ్మల్నంటే, మీ బాణాన్ని. నా కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా మీరు కోల్‌కతాలో కూర్చునే పగ్గాలు పుచ్చుకుంటారు. నేను మౌస్ మీంచి చెయ్యి తీసేస్తాను, తెర మీద బాణం దానంతటదే నడుస్తుంది. ఒకసారి అది నా డెస్క్‌టాప్ మీద ‘కొత్త ఫోల్డర్ 14’ దగ్గరికొచ్చి కాసేపు ఆగింది. అంతదూరం నుంచి మీ నిట్టూర్పు నాకు వినపడింది. ఆ చనువుతోనే రాస్తున్నాను.

తెలుగు మీకు రాదని తెలుసు. అయినా 2020 డిసెంబరులో మన రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి సరే అంది. అది ముఖ్యంగా ఈ ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ కోరికే. కోరి తెచ్చుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట వాడాలి కదా, మీతో మొదలుపెడుతున్నాను. భయపడకండి, సమ్మె నోటీసు కాదు. సమ్మెలు చేసిన ఊరే ఇది. 1920ల చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను నడిపించిన వి.వి. గిరి గారు మావాడేనని మా తాత చివరిదాకా చెప్పుకున్నాడు. నాది ఉత్త విన్నపం.

పోయిన సోమవారం మీ సర్క్యులర్ అందింది. ఆఫీసు ఉమ్మడి ఫోల్డర్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేశారట. వాటిని తమ కంప్యూటర్‌కి సింక్ చేసుకుంటారో, షార్ట్‌కట్ మాత్రం పెట్టుకుంటారో, అదీ ఇదీ లేకుండా బ్రౌజర్లోనే చూసుకుంటారో శుక్రవారం సాయంత్రం లోపల ప్రతి ఒక్కరూ ‘తమ సౌకర్యాన్ని బట్టి’ ఎంచుకుని టిక్కు పెట్టాలట. స్టోర్స్ మావయ్య ఆ కాగితం రెండుసార్లు చదివి, “సింకు పాడయి ఆర్నెల్లయింది బాబూ, ఇన్నాళ్ళకి పట్టించుకున్నారు” అన్నాడు. ఆయన దృష్టిలో ఈ ఆఫీసులో ఉన్న సింకు ఒక్కటే, టీ గ్లాసులు కడుక్కునేది. అది ఇంకా కారుతూనే ఉంది. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

‘తమ సౌకర్యాన్ని బట్టి’ అన్నారు చూడండి, నా పేచీ అంతా ఆ ముక్కతోనే.

నేనేమీ తెలియక మాట్లాడటం లేదు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. గూగుల్ వారి డ్రైవ్‌లో స్ట్రీమ్ అని ఒకటి, మిర్రర్ అని ఒకటి. మొదటిదాంట్లో సరుకు వాళ్ళ దగ్గరే ఉంటుంది, అడిగినప్పుడు దిగుతుంది. రెండోదాంట్లో అక్కడొక ప్రతి, మన డిస్కులో ఒక ప్రతి. అయితే షేర్డ్ డ్రైవ్‌లకు మిర్రర్ లేదు, స్ట్రీమే గతి. మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్‌లో సింక్ బటన్ నొక్కితే ఆ లైబ్రరీ ఆ ఒక్క కంప్యూటర్‌కే అతుక్కుంటుంది. షార్ట్‌కట్ పెట్టుకుంటే మనం ఏ కంప్యూటర్ తెరిచినా వెంట వస్తుంది. అక్కడ ఫైలు పక్కన బొమ్మలుంటాయి. నీలి మబ్బు ఉంటే పేరు మాత్రమే ఇక్కడ, ఫైలు పైన. తెల్లటి గుండ్రంలో ఆకుపచ్చ టిక్కు ఉంటే ప్రస్తుతానికి మన డిస్కులో ఉంది, చోటు చాలకపోతే మళ్ళీ పైకి పోవచ్చు. నిండు ఆకుపచ్చ గుండ్రంలో తెల్ల టిక్కు ఉంటే మనం పొమ్మనేదాకా పోదు. మిరపగింజంత బొమ్మలు. చత్వారం వచ్చినవాళ్ళకి మూడూ ఒకటే. స్టోర్స్ మావయ్యకి యాభై ఎనిమిది.

ఏ కంపెనీ మబ్బు మన ఆఫీసు మీద కమ్ముకుందో నేను బయటపెట్టను. తప్పు మబ్బుది కాదు కాబట్టి.

మంగళవారం ఏం జరిగిందో మీకు తెలిసిందే, ఎందుకు జరిగిందో తెలియకపోవచ్చు. ‘అన్నీ ఉంటే మంచిదే కదా’ అని మావయ్య సింక్‌కి టిక్కు పెట్టాడు. పదకొండేళ్ళ బిల్లులు, డ్రాయింగులు, గోడౌన్ ఫోటోలు వరదలా దిగడం మొదలైంది. ఆయన డిస్కు మొత్తం 128 జీబీ. మధ్యాహ్నం భోజనాల వేళకి డిస్కు గీత ఎర్రబడింది. ఆయనకి ఎర్రరంగు చూస్తే ఆగడం అలవాటు, రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగాడు మరి. ఆగి, ఆలోచించి, చోటు చెయ్యడానికి పాత ఫోల్డర్లన్నీ ఒడుపుగా ఎంచి డిలీట్ కొట్టాడు. రెండు నిమిషాల తర్వాత టెండర్ల దీదీ బల్ల దగ్గర్నుంచి కేక. ఆ తర్వాత ఎకౌంట్స్ దాదా లేచి నిలబడ్డాడు. ఏడుగురి తెరల మీదా ఫోల్డర్లు ఒకదాని వెంట ఒకటి మాయమవుతున్నాయి.

“నా కంప్యూటర్లోదే కదా బాబూ, నేను తుడుసుకున్నాను. ఆళ్ళకేటయింది?” అన్నాడు మావయ్య.

ఆ ప్రశ్నకి జవాబు మీ సర్క్యులర్లో లేదు. సింక్ అయిన ఫోల్డర్లో ఉన్నది ప్రతి కాదు, అది అందరిదీ అయిన అసలుకే మన గదిలోకి తెరిచిన తలుపు అని ఒక్క వాక్యం మీరు రాసి ఉంటే సరిపోయేది. చోటు కావాలంటే తుడవక్కర్లేదు, కుడి బటన్ నొక్కి చోటు ఖాళీ చెయ్యమంటే ఫైలు మళ్ళీ మబ్బులోకి పోతుంది. ఇది నాకు తెలిసింది బుధవారం. మీరు రీసైకిల్ బిన్‌లోంచి తవ్వి తీశారు, బతికిపోయాం. షేర్‌పాయింట్‌లో అయితే 93 రోజులు, గూగుల్ డ్రైవ్‌లో అయితే 30 రోజులు అలా దాచిపెడతారట. మనిషి పోతే పదమూడో రోజుకే అన్నీ ముగించేస్తాం, ఫైలు నయం.

నేనేదో పత్తిత్తునని కాదు. నా కథా చెప్తాను. ఇది మీ సర్క్యులర్‌కి ముందు, పరీక్ష కోసమని నాకూ దీదీకీ మాత్రం క్లౌడ్ ఇచ్చిన రోజుల్లోది. రేట్ల పట్టీ నా లాప్‌టాప్‌లో ఉంది. ఏప్రిల్ సాయంత్రం. పడమటి నుంచి కాలబైశాఖి గాలివాన లేచింది, కరెంటు పోయింది, నెట్టూ పోయింది. అసలు సిసలు మబ్బు వచ్చి మీ మబ్బుని ఎత్తుకుపోయింది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కదా అని చీకట్లోనే రబ్బరు వాషర్ ధర 11.40 నుంచి 14.10కి మార్చాను. అదే సమయానికి దీదీ ఇంటి దగ్గర, ఆవిడ కంప్యూటర్లో, అదే పట్టీలో జీఎస్టీ గడులు సరిచేస్తోంది. ఇద్దరికీ నెట్ ఉండి, ఒకే పట్టీని క్లౌడ్‌లో తెరిచి పనిచేస్తే ఒకరు కొట్టేది ఒకరికి కనబడుతుంది, చిక్కు రాదు. ఒకరు నెట్‌లో, ఒకరు చీకట్లో ఉన్నప్పుడే ముడి పడుతుంది. కరెంటు వచ్చాక చూస్తే పట్టీలు రెండయ్యాయి. ఒకటి మామూలు పేరుతో, రెండోది చివర నా కంప్యూటర్ పేరు తగిలించుకుని. దీదీకి ఆ తోక చూస్తే అనుమానం వచ్చింది, పాపం, మామూలు పేరున్నదే పంపింది. అందులో వాషర్ 11.40. టెండరు మాకే వచ్చింది. అంత తక్కువకి ఇంకెవడు వేస్తాడు?

మా తాత పలాస నుంచి వచ్చి బీఎన్నార్‌లో, అంటే ఆ బెంగాల్ నాగపూర్ రైల్వేలోనే, చేరాడు. బ్రాంచి లైన్లో చిన్న స్టేషన్. ఒకే పట్టా, దాని మీదే వచ్చే బండీ పోయే బండీ. అక్కడ నీల్స్ టోకెన్ యంత్రాలుండేవి, ఈ స్టేషన్లో ఒకటి, ఆ పక్క స్టేషన్లో ఒకటి. రెంటికీ మధ్య తీగ. లోపల ఇనప బంతులు. రెండు స్టేషన్ల వాళ్ళూ ఒప్పుకుంటేనే ఒక బంతి బయటికొస్తుంది. ఒకటి బయటికొచ్చిందా, అది మళ్ళీ ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండో బంతి ఎంత గుంజినా రాదు. ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, పెద్ద బెత్తపు రింగుకి కట్టి, ఆగకుండా పోయే బండి డ్రైవర్‌కి చెయ్యి చాచి అందించాలి. రింగు తగిలి తగిలి తాత మోచేతి పైన కమిలిన నల్లటి మచ్చ ఉండేది, పోయేదాకా పోలేదు. బంతి చేతిలో లేకపోతే ఎంత పెద్ద దొర బండయినా కదలదు.

అయ్యా, మన రేట్ల పట్టీ సింగిల్ లైను. బంతి ఎవరి దగ్గరుందో చెప్పే యంత్రం పెట్టకుండా, ఇటో డ్రైవర్‌నీ అటో డ్రైవర్‌నీ ‘మీ సౌకర్యాన్ని బట్టి’ నడుపుకోమన్నారు. షేర్‌పాయింట్ లాంటి వాటిలో చెకౌట్ అనే ఏర్పాటు ఉండనే ఉంది. ఒకరు తీసుకుంటే వాళ్ళు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్ళు చూడటమే తప్ప మార్చలేరు. అది తాత బంతి కాక మరేమిటి? అన్నిటికీ అక్కర్లేదు, ఆ ఒక్క పట్టీకి చాలు.

షార్ట్‌కట్ వాళ్ళు సుఖంగా ఉన్నారనుకునేరు. గురువారం హెడ్డాఫీసు మీటింగుకి హౌరా లోకల్ ఎక్కాను. దారిలో డ్రాయింగు ఒకసారి చూసుకుందామని మేచేదా దాటాక ఒళ్ళో లాప్‌టాప్ తెరిచాను. ఫోల్డరుంది, పేరుంది, పేరు పక్కన నీలి మబ్బుంది. ఫోన్ నుంచి నెట్ పెట్టి నొక్కితే గుండ్రం తిరగడం మొదలైంది. కోలాఘాట్ వచ్చింది, తిరుగుతోంది. రూప్‌నారాయణ్ వంతెన మీదికి ఎక్కాం, సిగ్నల్ నదిలో పడింది. దేవుల్టీలో బండాగితే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నవలాకారుడు శరత్ బాబు చివర్లో కాపురమున్న సామ్‌తాబేడ్ ఆ పక్కనే. చక్రపాణి గారు ఆయన్ని ఎంత బాగా తెలుగులోకి దింపారంటే, మా అమ్మ చాలా ఏళ్ళు ఆయన్ని తెనాలివాడనుకుంది. దింపడమంటే అదీ. నా డ్రాయింగు హౌరా చేరబోతుండగా సంత్రాగాఛీలో దిగింది. బయల్దేరే ముందు రోజే ఆ నాలుగు ఫైళ్ళ మీద కుడి బటన్ నొక్కి ‘ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు’ అనాల్సిందని మీ విభాగం అబ్బాయి మీటింగులో నవ్వుతూ చెప్పాడు. ముందు రోజు చెప్పుంటే నేనూ నవ్వేవాణ్ణి.

ఫైళ్ళ పేర్ల గురించి కూడా ఒక మాట. మన ఊరి ప్లాట్‌ఫాం 1072.5 మీటర్లు. ఒకప్పుడు లోకంలో దాన్ని మించింది లేదు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటుకుపోయాయి. ఆ దుఃఖం తీర్చుకోవడానికన్నట్టు మా ఆఫీసులో ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో ఇంకో ఫోల్డర్, చివర ‘ఫైనల్ కొత్త ఫైనల్ దాదా చూసినది’ అని పేర్లు పెడతారు. షేర్‌పాయింట్‌లో ఈ దారి మొత్తం కలిపి 400 అక్షరాలు దాటకూడదు. అక్షరాలంటే మన లెక్క కాదు, దాని లెక్క. ‘లక్ష్మి’ మనకి రెండక్షరాలు, దానికి ఏడు. బెంగాలీలో రాసినా ఏడే. సరఫరాదార్లలో లక్ష్మి పేరున్నవాళ్ళు ముగ్గురున్నారు, గమనించగలరు.

ఇక అసలు కోరిక. మన ఖరగ్‌పూర్ యార్డులో 2017లో కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు, 800 రూట్లు దాని అదుపులో. దాని గొప్పతనం రూట్లు వెయ్యడంలో లేదు, వెయ్యనివ్వకపోవడంలో ఉంది. ఒక రూటు పడ్డాక దానికి అడ్డొచ్చేది ఇంకొకటి వెయ్యబోతే అది పలకదు. అక్కడ కూర్చున్నవాడు నిద్రమొహంతో ఉన్నా, కొత్తవాడైనా, మా స్టోర్స్ మావయ్యే అయినా సరే. ‘నీ సౌకర్యాన్ని బట్టి వెయ్యి నాయనా’ అని రైల్వే ఎవర్నీ అడగలేదు. అడిగుంటే ఈ ఊరు ఊరుగా ఉండేది కాదు.

కాబట్టి ఆ టిక్కుల కాగితం మీరే నింపండి. మావయ్యకి బ్రౌజరొక్కటే, అదీ చూడటానికే. ఆయన స్టాకు రిజిస్టర్ రాసుకునే ఒక్క ఫైలుకి మాత్రం రాసే హక్కు. దీదీకి ఈ ఏటి టెండర్ల ఫోల్డర్ మాత్రం నిండు ఆకుపచ్చలో, పాతవన్నీ మబ్బులో. ఎకౌంట్స్ దాదా ట్యాలీ డేటాని కూడా సింక్ ఫోల్డర్లోకి జరుపుదామని చూస్తున్నాడు, ఆయన్ని తక్షణం ఆపండి. ట్యాలీ తెరిచి ఉన్నంతసేపూ రాస్తూనే ఉంటుంది, సగం రాసినదాన్ని సింక్ పైకి పట్టుకుపోతే లెక్కలు దేవుడికి కూడా తేలవు. నాకు షార్ట్‌కట్ చాలు, ప్రయాణం ముందు రోజు నాలుగు ఫైళ్ళు దింపుకోమని ఎవరైనా గుర్తుచేస్తే. రైల్వేలో రోజూ సాయంత్రం నాలుగింటికి టైమ్ సిగ్నల్ వస్తుంది, స్టేషన్లన్నీ తమ గడియారాలు దాన్ని బట్టి దిద్దుకుంటాయి. మీరూ రోజుకొకసారి, అదే నాలుగింటికి, ఒక్క మెయిలు కొట్టండి: ‘మీ ఫైళ్ళు పైకి చేరాయా, చూసుకోండి’ అని. చాలు.

ఇప్పుడు నాలుగు కావొస్తోంది, శుక్రవారం. ఈ ఉత్తరం ఉమ్మడి ఫోల్డర్లో పెడుతున్నాను. మీకు కనబడకపోతే కంగారుపడకండి, మావయ్య మళ్ళీ చోటు చేస్తున్నాడన్నమాట. 30 రోజులో 93 రోజులో, రీసైకిల్ బిన్‌లో ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
కిటికీ పక్క బల్ల,
ఖరగ్‌పూర్ బ్రాంచి

తా.క.: ఇదే ఉత్తరం చివర నా కంప్యూటర్ పేరు తగిలించుకుని ఇంకొకటి కనిపిస్తే, మర్యాదగా రాసినది అది.