స్టెప్నీ మార్చుట: పరువుగల అల్లుళ్లకు సూచనలు

సంక్రాంతికి హైదరాబాదు నుంచి కారులో బయల్దేరిన అల్లుడికి దారిలో టైరు పంచరైతే రెండు పనులు మీద పడతాయి. ఒకటి చక్రం మార్చడం. రెండోది, చక్రాలు మార్చడం తనకు వెన్నతో పెట్టిన విద్య అని కారులో ఉన్నవాళ్లను నమ్మించడం. కంపెనీవాళ్లు కారుతో ఇచ్చే పుస్తకం మొదటి పని గురించే చెబుతుంది. అందుకే దాన్ని ఎవరూ తెరవరు. కింది సూచనలు రెండో పని కోసం. ఇవి పాటిస్తే మొదటి పని కూడా అయిపోవచ్చు. కాకపోతే తప్పు రోడ్డుదని చెప్పుకోవచ్చు.

బయల్దేరే ముందు స్టెప్నీ వైపు చూడకండి. కొన్ననాటి నుంచీ డిక్కీ అడుగున, చాప కింద, హాయిగా పడి ఉంది. ఊరికే పడున్న టైరులో కూడా నెలనెలా కాస్త గాలి తగ్గుతుందని పంచరు షాపువాళ్లు అంటారు. కదలని టైరులోంచి గాలి ఎక్కడికి పోతుంది, మీరే చెప్పండి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. అది మొదట్నించీ ఉన్న డిజైనే అనుకుని తలుపు వేసెయ్యండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు కూడా ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థమట. మనం మాత్రం ఫ్యాన్సీ నంబరనుకుని సంతోషిద్దాం.

అసలు మీ కారులో స్టెప్నీ ఉందా లేదా అన్నది కూడా ముందుగా తెలుసుకోవద్దు. 2020లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు సవరించాక, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే ఏర్పాటు, పంచరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా చెల్లుతుంది. ఆ సంగతి సూర్యాపేట దాటాక, డిక్కీ చాప ఎత్తినప్పుడు తెలిస్తే ఆ అనుభవమే వేరు.

ఉందనే అనుకుందాం. దాని మీద సామాను బాగా దట్టించండి. ముందు సూట్‌కేసులు, వాటి మీద స్వీటు డబ్బాలు, సందుల్లో అత్తగారి మందుల సంచి. జాకీ, స్పానరు అన్నిటికన్నా కింద ఉండాలి. అలాయ్ చక్రాలకు దొంగలు విప్పకుండా ఒక లాక్ నట్టు ఉంటే, దాని తాళం బిళ్ల ఇంట్లో బీరువాలో పెట్టి రండి. విలువైన వస్తువు కదా.

ఇక పంతంగి టోలు గేటు దగ్గర గంట నిలబడి, ఎట్టకేలకు రోడ్డు దొరికి వేగం అందుకున్నాక స్టీరింగు ఎడమకు లాగుతుంది. ఆగకండి. ఆగితే పంచరని ఒప్పుకున్నట్టే. "బావా, ఏదో చప్పుడొస్తోంది" అని బావమరిది అంటే పాట సౌండు పెంచండి. చాయ్ హోటలు కనబడేదాకా పోనివ్వండి. ఈ లోపల గాలి పోయిన టైరు గోడలు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి పొడి అవుతాయి. రెండు వందలతో అయ్యే పంచరు కొత్త టైరు ఖర్చుగా ఎదుగుతుంది. ఒకవేళ ముందే ఆగి, టైరులో మేకు కనబడితే వెంటనే పీకెయ్యండి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగి ఉన్నంతసేపు అదే బిరడాలా పనిచేస్తుందని, మెల్లగా దగ్గర్లోని షాపుదాకా పోవచ్చని తెలిసినవాళ్లు అంటారు. కానీ పీకిన మేకుని అందరికీ చూపించడంలో ఉన్న ఘనత షాపుదాకా పోవడంలో లేదు.

ఎర్రటి త్రికోణం కనీసం 50 మీటర్లు వెనక పెట్టాలంటారు. అంత దూరం నడిచి, రోడ్డు పక్కన బొమ్మ నిలబెట్టి, ఖాళీ చేతులతో తిరిగి రావడం మగాడు చేసే పనేనా? పైగా దాని ప్లాస్టిక్ కవరు విప్పితే రీసేల్ విలువ తగ్గుతుంది. మన లారీల సంప్రదాయం పాటించండి: నాలుగు బండరాళ్లు, ఒక చెట్టు కొమ్మ. పని అయ్యాక రాళ్లు అక్కడే వదిలి వెళ్లండి, వెనక వచ్చేవాళ్లకూ టైరు మార్చే అవకాశం దొరకాలి. అత్తగారినీ పిల్లల్నీ దించి క్రాష్ బ్యారియరు అవతల నిలబెట్టమని చెప్పేవాళ్లు జనవరి ఎండ చూడలేదు. లోపలే కూర్చోనివ్వండి. జాకీ మీద కారు ఊగినప్పుడు వాళ్లకూ తెలుస్తుంది అల్లుడు పనిలో ఉన్నాడని.

ఇప్పుడు అసలు ఘట్టం. పుస్తకం ఏమంటుందంటే, చక్రం నేల మీద ఉండగానే నట్లను అరచుట్టు వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తాలట. పిరికి పద్ధతి. మనం ముందు కారు ఎత్తుదాం, ఎత్తిన కారు చూడటానికే బాగుంటుంది. తర్వాత స్పానరు పెట్టి తిప్పితే నట్టుతోపాటు చక్రమూ గుండ్రంగా తిరుగుతుంది. మళ్లీ తిప్పండి, మళ్లీ తిరుగుతుంది. హ్యాండ్‌బ్రేకు వేశాను కదా అని మీరు ఆశ్చర్యపోతారు. చాలా కార్లలో ఆ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, మీరు ఎత్తింది ముందు చక్రం. ఈపాటికి పక్క ఊరివాళ్లు ముగ్గురు బండి ఆపి చూస్తుంటారు. వాళ్లలో పెద్దాయన "దించి వదులు చెయ్ బాబూ" అంటాడు. వినకండి. చక్రాన్ని బావమరిదిని పట్టుకోమని, మీరు రెండు చేతులా స్పానరు మీద వేలాడండి. అప్పుడు కారు ఊగుతుంది. మూలకు ఎదురుగా ఉన్న చక్రం కింద రాయి పెట్టలేదు కాబట్టి ఇంకా బాగా ఊగుతుంది.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం. ముందు చక్రానికి కాస్త వెనకగా, వెనక చక్రానికి కాస్త ముందుగా, తలుపుల కిందున్న రేకు అంచు మీద చిన్న గాట్లు ఉంటాయి, జాకీ తల కూర్చోవాల్సింది అక్కడే. ఆ గాట్లు చూడాలంటే మోకాళ్ల మీద వంగాలి. పండగ ప్యాంటుతో అది కుదరదు. చేతికి తగిలిన చోట పెట్టండి. రేకు లోపలికి మడతపడితే షెడ్డువాడు చూసుకుంటాడు. రోడ్డు దిగి నల్లరేగడి మీద ఆపారా, మరీ మంచిది: మీరు జాకీ తిప్పుతున్న కొద్దీ కారు లేవదు, జాకీ దిగుతుంది. కింద చెక్కముక్క వేసుకోవడం పల్లెటూరి అలవాటు. తీసిన చక్రాన్ని కారు కింద పడుకోబెడితే జాకీ జారినా కారు దాని మీద ఆగుతుందని కొందరి జాగ్రత్త. మీరు ఆ చోటికి మీ తలనే పంపండి, లోపల ఏముందో చూడాలి కదా.

కారును గాలి పోయిన టైరు నేల వదిలేంత వరకే ఎత్తండి, అంతకన్నా ఎత్తడం దండగ. గాలి నిండిన స్టెప్నీ ఇంకా లావుగా ఉంటుందనీ, ఆ సందులో పట్టదనీ తీరా ఎక్కించబోయేటప్పుడు ఎలాగూ తెలుస్తుంది.

విప్పిన నట్లు ఇసుకలో వెయ్యండి, లేదా పిల్లాడికి ఆడుకోవడానికి ఇవ్వండి. నాలుగూ పోతే బావమరిది ఒక ఉపాయం చెబుతాడు: మిగతా మూడు చక్రాలకూ ఒక్కో నట్టు విప్పి దీనికి పెడితే అన్నిటికీ మూడేసి ఉంటాయి, మెల్లగా ఊళ్లోకి పోవచ్చు అని. ఉపాయం మంచిదే. చెప్పింది బావమరిది కాబట్టి పనికిరాదు.

బిగించేటప్పుడు నట్టు కోసుగా ఉన్న వైపు రిమ్ములోకి కూర్చోవాలి. బయటికి ఉంటే అందంగా ఉంటుంది, బయటికే పెట్టండి. ఎదురెదురుగా ఉన్నవాటిని జంటలుగా బిగిస్తే చక్రం సరిగ్గా అతుక్కుంటుంది. మీరు గడియారం ముల్లులా పక్కపక్కనే ఒక్కోటీ పూర్తిగా బిగించుకుంటూ పోండి, చక్రం వంకరగా కూర్చుని స్టీరింగుకి సంగీతం నేర్పుతుంది. చివరగా స్పానరు మీద నిలబడండి. చిన్న కార్ల నట్లకు కావలసిన బిగింపు దాదాపు 100 న్యూటన్ మీటర్లు, అంటే పాతిక సెంటీమీటర్ల స్పానరు కొస మీద 40 కిలోల బరువు. మీరు 80 కిలోలుంటారు. ఒకసారి గెంతండి కూడా. వదులు చేసేటప్పుడు కాలు వాడితే ఫర్వాలేదని, బిగించేటప్పుడే ప్రమాదమని, బోల్టు సాగి తెగుతుందని చెప్పే మెకానిక్కులు గెంతడంలోని ఆనందం ఎరగరు.

హైవే సాయానికి 1033 అనే నంబరు ఉంది, రోజంతా పనిచేస్తుంది. ఫోను చేస్తే బావమరిది ముందు చిన్నబోతాం, అందుకే అది మన ఫోనులో ఉండకూడదు.

కొన్ని కార్లలో స్టెప్నీ సన్నగా ఉంటుంది, 80 దాటవద్దని దాని మీద పచ్చ స్టిక్కరు ఉంటుంది. ఆ 80 అనేది ఇంకా ఎంత వెనకబడ్డామో గుర్తు చేసే అంకె. పోయిన సమయం రాబట్టండి. యాభై, వంద కిలోమీటర్లు పోయాక ఆగి నట్లు మరోసారి చూసుకోమంటారు. అప్పటికి విజయవాడ వచ్చేస్తుంది, ఎవరు ఆగుతారు?

పంచరైన చక్రాన్ని డిక్కీలో, స్వీటు డబ్బాల మీద పెట్టండి. ఊరు చేరాక దాన్ని షాపుకి తీసుకెళ్లకండి. భోగి నాడు షాపు తీయడు, సంక్రాంతి నాడు మీరు లేవరు, కనుమ నాడు కాకైనా కదలదంటారు. తిరుగు ప్రయాణంలో స్టెప్నీ లేకుండా బయల్దేరాలి కాబట్టి, తోడల్లుడి కారులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో భోజనాల దగ్గరే మాటవరసకు అడిగి పెట్టుకోండి.