ఎత్తులు తక్కువ, ఎచ్చులు ఎక్కువ

ఆదివారం చెస్ టోర్నీలో ఇద్దరు క్లబ్బు వీరుల ఆట చూసి తీరాలి. మొదటి పది ఎత్తులూ యూట్యూబువి. అందాకా ఇద్దరూ అర్జున్ ఇరిగేసిలే. పదకొండో ఎత్తు నుంచి సొంత బుర్ర. ఒకాయన మంత్రిని ఊరికే వదిలేస్తాడు. ఇందులో ఏదో మర్మం ఉందని రెండో ఆయన ఇరవై నిమిషాలు తలపట్టుకుని, దాన్ని చంపకుండా బంటును జరుపుతాడు! చివరికి ఒకరి జేబులో ఫోను మోగుతుంది. ఫిడే నిబంధన ప్రకారం ఆయన ఓడినట్టే. ఇక గెలిచినాయన తన వ్యూహం గంటసేపు వివరిస్తాడు; 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి సైతం నోట్సు రాసుకోవాల్సిందే. ఓడినాయన లెక్కలో తప్పంతా ఫోను చేసిన బావమరిదిదే. అయ్యలారా, ముందు మంత్రిని కాపాడుకోండి. వ్యూహాలు తర్వాత చెబుదురుగాని!